కొస దొరికితే

కిందటి ఆదివారం ముంబై వర్లీలో మా మేనత్త ఇంటికి పోయాను. పద్దెనిమిదో అంతస్తు, కొత్త ఇల్లు. తలుపు బార్లా తీసే ఉంది. యాభై ఏళ్ళకు పైగా ఒంటి గది ఇళ్ళ బీడీడీ చాళ్‌లో గ్యాలరీ వైపు తలుపు తీసుకుని బతికిన మనిషి ఆమె, మూసిన తలుపు వెనక ఆమెకు ఊపిరాడదు. గుమ్మం పక్కన గాలి తగిలే చోట ఆమె మనవరాలు కూర్చుని లెక్కలు చేస్తోంది. ఎనిమిదో తరగతి, ఇంగ్లీషు మీడియం. పుస్తకంలో ఉన్నది ఎక్స్ వర్గం, దానికి ఏడు ఎక్స్‌లు కూడి, పన్నెండు కూడిన మాట. పిల్ల పెదవులు కదులుతున్నాయి. రెండు ఆర్ల పన్నెండు, కలిపితే ఎనిమిది, కాదు. మూడు నాలుగుల పన్నెండు, కలిపితే ఏడు, ఇదే. చకచకా రెండు బ్రాకెట్లు గీసి, ఒకదాంట్లో ఎక్స్‌కు మూడు కూడి, ఇంకోదాంట్లో నాలుగు కూడి, చుట్టూ ఒక పెట్టె గీసి తరువాతి లెక్కకు పోయింది. నేను టీ తాగేలోపు పది లెక్కలు అయ్యాయి. పదీ కరెక్టే. కానీ ఒక్కదాన్ని కూడా తిరిగి గుణించి చూసుకోలేదు. వచ్చిన ఆ రెండు ముక్కలను మళ్ళీ కలిపితే మొదటి మాట వస్తుందా రాదా అన్న అనుమానమే ఆమెకు రాలేదు. అందులో తప్పేముంది? పిల్ల తెలివైనది, సమయం తక్కువ. అయినా తిరిగొచ్చేటప్పుడు బస్సులో కూర్చున్నంతసేపూ అదే మనసులో మెదిలింది. మా రోజుల్లో దాన్ని తాళా అనేవాళ్ళు. మరాఠీ మాట. లెక్క సరిపోయిందో లేదో వెనక్కి నడిచి చూసుకోవడం.

నేను ఏడో తరగతి వరకు కామాఠీపుర దగ్గరి మునిసిపల్ బడిలో తెలుగులో చదివాను. ముంబై కార్పొరేషన్ ఎనిమిది భాషల్లో బడులు నడిపింది, వాటిలో తెలుగు ఒకటి. ఏడు దాటితే మా వీధి పిల్లలకు అందుబాటులో ఉన్నది మరాఠీ హైస్కూలే. 1982 జూన్‌లో అక్కడ మొదటిసారి బీజగణితం పాఠం విన్నప్పుడు మాస్టారు బోర్డు మీద రాసిన మొదటి ఆదేశం ‘అవయవ్ పాడా’. మరాఠీలో అవయవం అంటే కారణాంకం కూడా. పాడణే అంటే పడగొట్టడం, విడగొట్టడం. కానీ నా చెవి తెలుగు చెవి. అవయవాలంటే నాకు కాళ్ళూ చేతులూ. పాడా అంటే పాడుచేయమని వినబడింది. ఒక నిండు మాటను పట్టుకుని కాళ్ళూ చేతులూ విరిచేయమంటున్నాడేమిటి ఈయన అనిపించి నిజంగా భయపడ్డాను. ఇంటికి వచ్చి, పక్కింటి అన్న దగ్గరున్న పాత తెలుగు లెక్కల పుస్తకం తెరిస్తే అందులో ‘కారణాంకములు’ అని ఉంది. కారణమైన అంకెలు. పన్నెండు ఉండటానికి కారణం మూడూ నాలుగూ అన్నమాట. ఒకే పనికి ఒక భాష శరీరాన్ని తెచ్చింది, ఇంకో భాష పుట్టుకను తెచ్చింది. ఏది మేలు? అప్పుడు కారణమే మేలనిపించింది, ఎందుకంటే అది నా భాష. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. అవయవం అన్న మాటలోనూ ఒక నిజం ఉంది. అవయవాలు విడిగా ఉన్నంతసేపూ దేహం ఉండదు, అవి కలిసి పనిచేస్తేనే ఉంటుంది. ఎక్స్‌కు మూడు కూడినదీ, ఎక్స్‌కు నాలుగు కూడినదీ పక్కపక్కన ఊరికే నిలబడితే చాలదు, ఒకదాన్నొకటి గుణించుకోవాలి. ఆ గుణకారమే ప్రాణం.

పావులూరి మల్లన 11వ శతాబ్దంలోనే మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెలుగులోకి తెచ్చాడు. తెలుగులో లెక్క చెప్పుకోవడం తొమ్మిది వందల ఏళ్ళ నాటి సంగతి. ఆ సంగతి నాకు ఎనిమిదో తరగతిలో తెలిసి ఉంటే ఆ భాష మారిన దిగులు కొంత తగ్గేదేమో. లేక ఇంకా పెరిగేదా?

ఆ ఏడాది బాపు, అంటే మా నాన్న, ఇంట్లోనే ఉన్నాడు. జనవరి 18న మొదలైన బట్టల మిల్లుల సమ్మె జూన్ నాటికీ సాగుతూనే ఉంది. కార్మిక నాయకుడు దత్తా సామంత్ వెనక దాదాపు రెండున్నర లక్షల మంది కార్మికులు పని మాని కూర్చున్నారు. బాపు సాంచా ఖాతాలో మనిషి, అంటే మగ్గాల విభాగం. ముప్ఫై ఏళ్ళు మగ్గాల హోరులో నిలబడినవాడు. ఇంటి నిశ్శబ్దం ఆయనకు కొత్త. నేను గుమ్మంలో కూర్చుని అవయవాలు పాడుతుంటే పక్కకు వచ్చి కూర్చునేవాడు. ఆయనకు మరాఠీ అక్షరాలు సరిగ్గా రావు, ఎక్స్ అంటే ఏమిటో అసలే తెలియదు. నేను తిప్పలు పడటం మాత్రం తెలుస్తోంది. నా తిప్పలన్నీ నడిమి ఏడు దగ్గరే. ఏడును ఒకటీ ఆరుగా విడగొట్టాలా, రెండూ అయిదుగానా, మూడూ నాలుగుగానా? ఏది పట్టుకున్నా ముందుకు పోయి అడ్డం తిరిగేది. బాపు కాసేపు చూసి అడిగాడు. “గది నువ్వే కలిపినవా బిడ్డా?” లేదు బాపూ, వాళ్ళు కలిపి ఇచ్చిన్రు, నేను విడదీయాలె అన్నాను. “గట్లయితే నడిమిట్ల పట్టి గుంజకు. చిక్కుపడ్డ నూలు నడిమిట్ల గుంజితే ముడి బిగుసుకుంటది. కొస యాడున్నదో చూడు. కొస దొరికితే నూలే చెప్తది.”

ఆయన నూలు గురించే చెప్పాడు. కానీ లెక్కలో కొస అంటే చివర ఉన్న పన్నెండు అని నాకు ఆ క్షణంలో తట్టింది. ఎందుకు చివరిది? దీని గురించి తరువాత చాలా ఏళ్ళు ఆలోచించాను. ఎక్స్‌కు మూడు కూడినదాన్ని ఎక్స్‌కు నాలుగు కూడినదానితో గుణిస్తే నాలుగు ముక్కలు పుడతాయి. ఎక్స్ వర్గం ఒకటి, నాలుగు ఎక్స్‌లు, మూడు ఎక్స్‌లు, పన్నెండు. నడిమి రెండూ ఒకే జాతివి కనుక కలిసిపోయి ఏడు ఎక్స్‌లు అవుతాయి. మరుపు జరిగేది సరిగ్గా అక్కడే. మూడూ నాలుగూ తమ పేర్లు పోగొట్టుకుని ఏడు అనే ఒక్క మొత్తంలో మునిగిపోతాయి. ఏడును ఎంత తరచి అడిగినా తాను ఎవరి బిడ్డో చెప్పలేదు. చివరి పన్నెండు కూడా ఒంటరిగా చెప్పలేదు, దానికీ మూడు జంటలున్నాయి. కానీ పన్నెండుకు జంటలు లెక్కపెట్టగలిగినన్నే. ఒకటీ పన్నెండు, రెండూ ఆరు, మూడూ నాలుగు, అంతే. ఏడును ముక్కలు చేయడానికి రుణ సంఖ్యలు కూడా వస్తే అంతూపొంతూ ఉండదు. అందుకే కొస దగ్గర మొదలుపెట్టి నడిమిదాన్ని సాక్ష్యం అడగాలి. ఇద్దరి మాటా కలిసిన చోట జవాబు. మా మాస్టారు ఇది చెప్పలేదు, ‘ఇలా చేస్తే వస్తుంది’ అన్నాడు. వచ్చింది కూడా. కానీ ఎందుకు వచ్చిందో తెలియని పిల్లకు తాళా చూసుకోవాలని ఎలా అనిపిస్తుంది?

కామాఠీపుర పేరు గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఈ మునిగిపోయిన మూడూ నాలుగూ గుర్తుకొస్తాయి. బయటివాళ్ళు ఆ పేరు వింటే ఒక్క అర్థమే తీసుకుంటారు. ఎక్కడుంటారని అడిగితే మా అక్క పెళ్ళి సంబంధాల రోజుల్లో అవ్వ ‘నాగ్‌పాడా పక్కన’ అని చెప్పేది. ఆ గల్లీల్లో ఒళ్ళమ్ముకుని బతకాల్సి వచ్చిన ఆడవాళ్ళ పిల్లలు నాతోపాటు ఒకే బెంచీ మీద కూర్చున్నారు. వాళ్ళ తల్లుల బతుకు ఆ పేరులోంచి చెరిపేయాలని నేను అనను. కానీ ఆ పేరులోనే నిలబడి ఉన్న కామాఠీ ఎవరని అడిగేవాళ్ళు ఎందుకింత తక్కువ? కామాటి అంటే మన తెలుగులో మట్టిపని, రాతిపని చేసే కూలి. 18వ శతాబ్దం చివరి రోజుల్లో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట వేసి సముద్రపు పోటును ఆపాక, పల్లపు నేలలు ఆరుతుంటే, నైజాం రాజ్యం నుంచి వచ్చిన తెలుగు కామాటీలు ఇక్కడ గుడిసెలు వేసుకున్నారు. పునాదులు తవ్వారు, రాళ్ళు మోశారు, గోడలు లేపారు. దక్షిణ ముంబైలో జనం తలెత్తి చూసే భవనాల కింద వాళ్ళ గంపలు మోసిన మట్టి ఉంది. మా ముత్తాత కామాటం పనికే వచ్చాడట. ఎందుకు వచ్చాడు? తాత ఒకసారి కరువు అన్నాడు, ఇంకోసారి దొర అన్నాడు, మరోసారి అన్న మీద అలిగి అన్నాడు. ఒక్కటే అయి ఉండదు. ఏవో రెండు ఒకదాన్నొకటి గుణించుకుని ఉంటాయి. ఒట్టి కరువుకు ఊరంతా కదలలేదు, ఒట్టి అలకకు ఎవరూ బొంబాయి దాకా నడవరు. నా దగ్గర మొత్తం మాత్రమే మిగిలింది, అంటే నేను. కొస చూపించేవాళ్ళు లేరు.

మా గల్లీ నుంచి బైకుల్లా రాణీబాగ్ నడిచి వెళ్ళే దూరమే. చిన్నప్పుడు ఏనుగును చూడటానికి పోయేవాళ్ళం. ఆ తోటలోనే ఒక పాత మ్యూజియం ఉంది. 1872లో జనానికి తెరిచారు, 1975లో దానికి డాక్టర్ భావు దాజీ లాడ్ పేరు పెట్టారు. ఆయన వైద్యుడు, పాత శాసనాల మీద ప్రాణం పెట్టినవాడు. పెద్దయ్యాకే నాకు తెలిసింది, చాలీస్‌గావ్ దగ్గర పాట్నాలో పాడుబడిన భవానీ గుడిలో ఒక శాసనాన్ని వెలికితీసింది ఈ భావు దాజీయేనని. యాదవ రాజు సింఘణుడి కొలువులో జ్యోతిష్కుడైన చాంగదేవుడు తన తాత భాస్కరాచార్యుని గ్రంథాలు చదివించడానికి మఠం పెట్టిన సంగతి ఆ శాసనంలో ఉంది. 1114లో పుట్టిన భాస్కరుడు 1150లో రాసిన సిద్ధాంతశిరోమణిలో ఒక భాగమే బీజగణితం. ఏనుగును చూడటానికి వెళ్ళిన పిల్లవాడు బీజగణితం రాసిన పెద్దల్లో ఒకడి ఇంటి జాడ కనిపెట్టినవాడి పేరు కింద నుంచి ఎన్నిసార్లు నడిచి ఉంటాడో!

భాస్కరుడి కాలంలో ఎక్స్ లేదు. తెలియనిదాన్ని యావత్తావత్ అనేవారు, ‘ఎంతో అంత’ అని. పొట్టిగా యా. దాని వర్గం యావ. తెలిసిన అంకె రూపం, పొట్టిగా రూ. మా మేనత్త మనవరాలి లెక్కను వాళ్ళయితే యావ 1 యా 7 రూ 12 అని వరుసగా పేర్చి ఉండేవాళ్ళు. తెలియనివి ఒకటి కంటే ఎక్కువైతే రెండోది కాలకం, మూడోది నీలకం, తరువాత పీతకం, లోహితకం. నలుపు, నీలం, పసుపు, ఎరుపు. ఇది చదివిన రోజు బాపు ఉండి ఉంటే ఎంత బాగుండునో అనిపించింది. రంగు పోగులతో లెక్క కట్టే విద్య ఆయనకు ఒక్క మాటలో అందేది.

ఆ పుస్తకంలో కోతుల లెక్క ఒకటి నాకు ప్రాణం. కోతుల గుంపులో ఎనిమిదో వంతు ఎంతో దాని వర్గమన్ని కోతులు అడవిలో ఆడుతున్నాయి, మిగిలిన పన్నెండు కొండ మీద కిచకిచలాడుతున్నాయి, మొత్తం ఎన్ని? సర్దుకుంటూ పోతే కూడితే 64, గుణిస్తే 768 అయ్యే రెండు అంకెలు కావాలి. అవి 16, 48. రెండూ జవాబులే. పదహారయితే రెండింటి వర్గం నాలుగు అడవిలో, పన్నెండు కొండ మీద. నలభై ఎనిమిదయితే ఆరింటి వర్గం ముప్ఫై ఆరు అడవిలో, పన్నెండు కొండ మీద. భాస్కరుడు రెండింటినీ ఒప్పుకున్నాడు. దాని పక్కనే ఇంకో కోతుల లెక్క. గుంపులో అయిదో వంతు నుంచి మూడు తీసేసి వర్గం కడితే అన్ని కోతులు గుహలోకి పోయాయి, ఒక్కటి కొమ్మ మీద కనిపిస్తోంది. జవాబులు 50, 5. కానీ అయిదయితే అయిదో వంతు ఒకటే, దాంట్లోంచి మూడు ఎలా తీస్తావు? అందుకని ఆ జవాబును వద్దన్నాడు, కనిపించే వస్తువు సున్నా కంటే తక్కువైతే లోకం నమ్మదని. తాళా అంటే ఇదే కదా. అంకెలు ఒప్పుకున్నా సరే, గుహ దాకా పోయి కోతులను చూసి రావడం.

ఇక్కడ నాకు ఒక అనుమానం చాలాకాలంగా ఉంది. పాఠ్యపుస్తకం మనకు చూపించేవన్నీ విడిపోయే మాటలే. నడిమి ఏడును అలాగే ఉంచి చివర ఒకటి నుంచి పన్నెండు దాకా ఒక్కో అంకె పెట్టి చూడండి. ధన పూర్ణాంకాలుగా విడిపోయేవి మూడే, చివర ఆరు, పది, పన్నెండు ఉన్నవి. మిగతా తొమ్మిదీ విడిపోవు. చివర పదకొండు పెడితే జవాబు ఉంది గానీ వేళ్ళ మీద లెక్కపెట్టేది కాదు, వర్గమూలం కింద దాక్కున్నది. పదమూడు పెడితే మనం గీత మీద గుర్తు పెట్టగలిగే అంకెల్లో దానికి జవాబే లేదు. అంటే విడిపోవడం మామూలు సంగతి కాదు, అరుదైన సంగతి. పుస్తకం రాసినవాళ్ళు ఆ అరుదైనవాటిని ఏరి పేర్చి ఇస్తే, పిల్లలు ప్రతి మాటా విడిపోతుందనుకుంటారు. విడిపోనిది ఎదురైనప్పుడు తప్పు తమదేనని తల దించుకుంటారు. నేను దించుకున్నాను. ఒక పరీక్షలో అచ్చుతప్పు వల్ల విడిపోని లెక్క వస్తే దానితోనే ముప్పావు గంట కొట్టుకుని మిగతావి వదిలేశాను. విడిపోదు అని తేల్చడం కూడా ఒక జవాబేనని ఎవరైనా ముందే చెప్పి ఉంటే!

బీడీడీ చాళ్లు పడగొడుతున్నారని విన్నప్పుడు మరాఠీ వార్తల్లో మళ్ళీ అదే క్రియ. చాళ్ పాడలీ. 1920లలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టిన చాళ్లు అవి, వర్లీలోనే 121. ఒక్కోదానికి కింది అంతస్తు పైన మూడు, అంతస్తుకు ఇరవై ఖోలీలు, అంటే గదులు, ఖోలీకి 160 చదరపు అడుగులు. 2025 ఆగస్టులో తొలివిడతగా 556 కుటుంబాలకు కొత్త ఇళ్ళ తాళంచెవులు ఇచ్చారు, 500 చదరపు అడుగులవి. మా మేనత్తకు సంతోషమే. ఇంట్లోనే సండాసు, ఇంట్లోనే నల్లా. డెబ్భై దాటిన మోకాళ్ళకు అది ఎంత పెద్ద సంగతో పక్కన నిలబడి పాత రోజులు పొగిడేవాళ్ళకు తెలియదు. పడగొట్టడం తప్పని నేను అనడం లేదు. నాకు గుచ్చుకున్నది ఆ క్రియే. లెక్కలో పాడితే మళ్ళీ గుణించుకుని మొదటి మాటను తెచ్చుకోవచ్చు. ఏదీ పోదు. గోడకు ఆ తాళా లేదు. అందుకేనా నాకు ఈ వయసులో విడిపోయి తిరిగొచ్చే వస్తువుల మీద ఇంత మోజు?

ఈ ఆదివారం మళ్ళీ పోయాను. పిల్ల పుస్తకం పక్కన పెట్టించి, ఒక కాగితం మీద వేరే లెక్క ఇచ్చాను. ఒక ఖోలీ, వైశాల్యం 160, పొడవూ వెడల్పూ కలిపితే 26 అనుకుందాం. రెండూ ఎంతెంత? పిల్ల పెదవులు కదిలాయి. ఒకటీ నూట అరవై, కాదు. రెండూ ఎనభై, కాదు. నాలుగూ నలభై, కాదు. అయిదూ ముప్ఫై రెండు, ఎనిమిదీ ఇరవై, కాదు, కాదు. పదీ పదహారు. “మామా, పదీ పదహారు.” ఇలాంటి లెక్కలనే దాదాపు 3,800 ఏళ్ళ కిందట బాబిలోనియా పిల్లలు పచ్చి మట్టి పలకల మీద చేసేవాళ్ళని చెప్పాను. వాళ్ళు జంటలు వెతుక్కునేవాళ్ళు కాదు. ఇరవై ఆరులో సగం పదమూడు. పదమూడు వర్గం 169. అందులోంచి 160 తీసేస్తే తొమ్మిది. తొమ్మిదికి వర్గమూలం మూడు. పదమూడుకు మూడు కూడితే పొడవు, తీసేస్తే వెడల్పు. పిల్ల కాసేపు ఆ వరుసను చూస్తూ ఉండిపోయింది. సగం దగ్గర నిలబడి రెండు వైపులకూ సమానంగా అడుగులు వేయడమన్నమాట అంది. అవును, నేను అంత బాగా చెప్పలేకపోయాను.

వంటింట్లోంచి మేనత్త వింటూనే ఉంది. చేయి తుడుచుకుంటూ వచ్చింది. “పదీ పదహారు ఏందిరా, మన పాత ఖోలీయా?” అవును అత్తా అన్నాను. “పది యాడిదిరా బిడ్డా. తొమ్మిదిన్నరే. పదడుగుల చాప కొనుక్కొస్తే అరడుగు గోడకు మడత పడుతుండె. ఏటేటా కొన్నది నేను, నాకెర్క లేదా?” పదహారు సరిగ్గానే ఉండెనా అని అడిగితే, పదహారు సరిగ్గానే ఉండె అంది.

పిల్ల 160 కొట్టేసింది. పదహారును తొమ్మిదిన్నరతో గుణించి 152 రాసింది. కూడిక ఇరవై అయిదున్నర. తెలిసిన జవాబునే మళ్ళీ వెతికి చూస్తానంది, దానంతట అదే వస్తుందో లేదోనని. జంటలు మొదలుపెట్టింది. ఎనిమిదీ పంతొమ్మిది, ఇరవై ఏడు, కాదు. నాలుగూ ముప్ఫై ఎనిమిది, కాదు. జంటలు అయిపోయాయి. కాగితం తిప్పి, సగం పన్నెండున్నర, దాని మీద పావు అని రాసుకుని, దాని వర్గం కట్టడానికి పక్కన చోటు వదిలి గీత గీసింది. మేనత్త చాప అంచు సర్దుతున్నట్టు వంగి ఆ కాగితం వైపే చూస్తోంది.